ముక్కు టీకాకు ఇంట్లో బలం చేర్చగలమా?

ఇంగ్లండులోని ఒక చిన్న పట్టణం నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఎవరో తెలిసిపోయే వివరాలు తీసేసి సారం మాత్రం ఇస్తున్నాను.

వాళ్లది గుంటూరు వైపు కుటుంబం, పూర్తి శాకాహారులు. బాబుకి ఏడేళ్లు. పోయిన ఏడాది అక్టోబరులో బడికి నర్సులు వచ్చి పిల్లలందరికీ ఫ్లూ టీకా ముక్కులో స్ప్రే చేశారు. వాడికి ఫ్లూ టీకా వేయడం అదే మొదటిసారి. స్ప్రే చేసిన మరుక్షణమే వాడు నాలుగైదు సార్లు తుమ్మి, ముక్కు చీదేసుకున్నాడట. జనవరిలో అయిదు రోజులు జ్వరం, దగ్గు, పిల్లికూతలు. డాక్టరు "ఫ్లూ అయ్యుండొచ్చు" అన్నారు గానీ పరీక్ష చేయించలేదు. అప్పట్నుంచి వాడు రోజూ బ్రౌన్ ఇన్‌హేలర్ (పిల్లికూతలు రాకుండా పీల్చే స్టెరాయిడ్ మందు) వాడుతున్నాడు. ఇప్పుడు ఈ ఏటి కన్సెంట్ ఫారం వచ్చింది, శుక్రవారంలోగా సంతకం పెట్టి పంపాలి.

ఇంట్లో తలా ఒక మాట. ఆరు నెలలు ఉండివెళ్దామని వచ్చిన అత్తగారు, "ముక్కులో చుక్కలేస్తే ఏం పని చేస్తుందే? 2023లో విజయవాడలో నాకూ కరోనాకి ముక్కులో ఎనిమిది చుక్కలేశారు, ఆ నెల్లోనే జలుబు పట్టుకుంది" అంటున్నారు. టీకా బాగా పట్టాలంటే ముందు వారం రోజులు ముక్కులో అణు తైలం అనే ఆయుర్వేద నూనె వేసి, ఆవిరి పట్టి, మిరియాల పసుపు పాలు ఇవ్వాలని ఆవిడ పట్టు. భర్త ఇంటర్నెట్లో ముక్కు టీకాల 'అడ్జువెంట్ల' గురించి, అంటే టీకా బలం పెంచడానికి కలిపే పదార్థాల గురించి, చదివారు. మందుల షాపులో సముద్రపు నాచుతో చేసిన ముక్కు స్ప్రే, జింక్ గమ్మీలు కొనుక్కొచ్చారు. టీకాకి ముందూ వెనకా ఆ స్ప్రే కొడితే టీకా మందు ముక్కులో ఎక్కువసేపు నిలుస్తుందని ఆయన లెక్క. నెల తర్వాత ప్రైవేటుగా యాంటీబాడీ పరీక్ష కూడా చేయిద్దామంటున్నారు. డాలస్‌లో ఉన్న ఆడపడుచు ఫోన్లో, "ఒక్క డోసేంటి? మా పాపకి మొదటి ఏడాది రెండు వేశారు" అంది. వీటన్నిటి మీదా ఇంకొకటి: ఫారంతో వచ్చిన కాగితంలో ఈ టీకాలో పంది జెలటిన్ (పంది చర్మం, ఎముకల నుంచి తీసే పదార్థం) ఉందని ఆ తల్లి చదివారు. ఇంకా ఎవరికీ చెప్పలేదు.

"అత్తయ్యకి చెబితే ఈ ఇంట్లో ఇక టీకా మాటే ఉండదు. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ టీకా వాడికి గట్టిగా పట్టేలా చేయడానికి మా చేతుల్లో నిజంగా ఏమన్నా ఉందా? లేక సూదే వేయించేయమంటారా?" అని అడుగుతున్నారు.

*

మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు పెనవేసుకుపోయాయమ్మా. ఒకటి టీకా గురించి, రెండోది ఇంట్లో మాట ఎలా ఎత్తాలన్నది. మొదటిది తేలితే రెండోది కొంత తేలికవుతుంది.

తుమ్ముతో మొదలుపెడతాను, ఏడాదిగా మిమ్మల్ని తొలుస్తున్నది అదే కాబట్టి. స్ప్రే చేశాక పిల్లాడు తుమ్మినా, చీదినా, ముక్కు కారినా మళ్లీ వేయనక్కర్లేదని బ్రిటన్ టీకా మార్గదర్శకాల్లోనే స్పష్టంగా ఉంది. ఒక్కో ముక్కు రంధ్రంలో పడేది 0.1 మిల్లీలీటరు. చుక్కగా కూడా కాదు, సన్నటి తుంపరగా వెళ్లి లోపలి గోడకు అంటుకుంటుంది. రెండు రంధ్రాల్లో కలిపి పడే డోసులో ఒక్కో రకం టీకా వైరస్ కణాలు సుమారు కోటి ఉంటాయి. మీ వాడు చీదేసింది అందులో కొంతే. జనవరి జ్వరానికి ఆ తుమ్మును తప్పు పట్టకండి. అసలది ఫ్లూయో కాదో మనకు తెలియదు, చలికాలంలో పిల్లల ఛాతీని పట్టే వైరస్‌లు బోలెడు. ఒకవేళ ఫ్లూయే అయినా, ఈ టీకా అందరినీ పూర్తిగా కాపాడేది కాదు. దాని ప్రభావం ఏటేటా మారుతుంది, ఊళ్లో తిరిగే వైరస్‌తో టీకాలోది ఎంత సరిపోలిందన్న దాన్ని బట్టి.

ఇక అసలు సంగతి. మీ వాడికి వేసేది ప్రాణమున్న టీకా. అందులోని ఫ్లూ వైరస్‌ను బలహీనపరిచి, చలికి అలవాటు చేశారు. 25 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది. ఊపిరితిత్తుల్లోని శరీరపు వేడికి పెరగలేదు. అందుకే ముక్కులో, గొంతు పైభాగంలో కొద్దిరోజులు పెరిగి అక్కడితో ఆగిపోతుంది. అలా పెరిగినప్పుడే ముక్కు గోడల్లో ఐజీఏ అనే యాంటీబాడీలు తయారవుతాయి, టీ కణాలనే రక్షక కణాలు కొన్ని అక్కడే కాపలా ఉండిపోతాయి. అసలు వైరస్ వచ్చేదీ ఆ దారినే. సూది మందు రక్తంలో యాంటీబాడీలను బాగా పెంచుతుంది గానీ, ముక్కు గడప దగ్గర దాని పట్టు తక్కువ.

అంటే ఈ టీకా బలమంతా అది ముక్కులో పెరగడంలో ఉంది. దానికి బయటి నుంచి ఏదో కలపాలి అనుకోవడం దగ్గరే మీ ఇంట్లో అందరూ దారి తప్పారు. కలపడానికి కాదు, అడ్డు తగలకుండా ఉండడానికి చూడాలి.

దీనికి అమెరికాలో జరిగిందే రుజువు. అక్కడ ఇదే టీకా ఫ్లూమిస్ట్ పేరుతో 2003 నుంచి ఉంది. 2016-17, 2017-18 సీజన్లలో మాత్రం దాన్ని వాడమని అక్కడి నిపుణుల కమిటీ సిఫారసు చేయలేదు. ఫ్లూ వైరస్‌లలో హెచ్1ఎన్1 అనే రకం మీద అది దాదాపు పని చేయడం లేదని తేలింది. వెతగ్గా వెతగ్గా బయటపడిన ప్రధాన కారణం, టీకాలో పెట్టిన ఆ హెచ్1ఎన్1 వైరస్ పిల్లల ముక్కుల్లో సరిగా పెరగకపోవడం. కంపెనీ ఆ వైరస్‌ను మార్చి, బాగా పెరిగే ఇంకోదాన్ని పెట్టింది. గాంబియాలో రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు పాతదీ కొత్తదీ వేసి పోల్చి చూస్తే, కొత్త వైరస్ ముక్కులో ఎక్కువగా పెరిగింది, రోగనిరోధక స్పందనా మెరుగైంది. 2018-19 సీజన్‌కి అమెరికా దాన్ని మళ్లీ సిఫారసుల్లో చేర్చింది. టీకాకు బలం చేర్చడమంటే అలా ఫ్యాక్టరీలో జరగాల్సిన పని, వంటింట్లో కాదు.

మీ వారు చదివింది అబద్ధమేమీ కాదు, వేరే టీకాల సంగతి. ప్రాణం లేని వైరస్‌నో, ఒట్టి ప్రొటీన్‌నో ముక్కులో వేస్తే పెద్దగా ఏమీ జరగదు. ముక్కులోని సన్నటి కేశాలు శ్లేష్మాన్ని పదిహేను, ఇరవై నిమిషాల్లో గొంతులోకి తోసేస్తాయి. పైగా రోజంతా దుమ్మూ ధూళీ పీల్చే చోటు కాబట్టి, చిన్నదానికల్లా రేగిపోకుండా ఊరుకోవడం ముక్కుకు అలవాటు. అందుకే పరిశోధకులు రెండు పనులు చేస్తున్నారు. మందును కాసేపు అంటిపెట్టుకునేలా చేసే జిగురు పదార్థాలు కలపడం ఒకటి. రొయ్య, పీత పెంకుల నుంచి తీసే కైటోసాన్ అలాంటిదే (మీ ఇంట్లో ఆ పేరు ఎత్తకపోవడమే మేలు). రోగనిరోధక వ్యవస్థను తట్టి లేపే అడ్జువెంట్లు కలపడం రెండోది. సూదుల్లో దశాబ్దాలుగా వాడే అల్యూమినియం లవణాలు ముక్కులో అంతగా పని చేయవు. ఎలుకల్లో బ్రహ్మాండంగా పని చేసినవి కలరా విషం, దాని చుట్టాలు.

ఇక్కడ స్విట్జర్లాండ్ కథ మీ వారికి తప్పక చెప్పండి. 2000-01 చలికాలంలో అక్కడ నేసల్‌ఫ్లూ అనే ముక్కు టీకా అమ్మకానికి వచ్చింది. ప్రాణం లేని ఫ్లూ టీకాకు, ఈ.కోలై బ్యాక్టీరియా విషాన్ని (కలరా విషానికి చుట్టమే) అడ్జువెంట్‌గా కలిపారు. వేయించుకున్న కొందరికి ఒకవైపు మూతి వంకరపోయింది, కన్ను మూతపడలేదు. బెల్స్ పాల్సీ అంటారు దాన్ని. 2004లో అచ్చయిన విశ్లేషణ ప్రకారం, ఆ టీకా వేయించుకున్నవాళ్లలో ఆ ముప్పు సుమారు 19 రెట్లు. ఆ సీజన్ తర్వాత దాన్ని మళ్లీ అమ్మలేదు. ఆ విషం నరాల కణాలకు అతుక్కునే రకం. ముక్కు చూస్తే మెదడుకు గడప దూరంలో ఉంటుంది. తర్వాత విషం తీసేశామనుకున్న ఒక రకాన్ని వేరే ట్రయల్స్‌లో వాడితే అక్కడా ఇద్దరు వాలంటీర్లకు ముఖం వాలింది. అప్పట్నుంచి ముక్కు టీకాలో అడ్జువెంట్ అంటే ఆమోదం ఇచ్చేవాళ్లు ఒకటికి పదిసార్లు ఆలోచిస్తారు. "కాస్త ఎక్కువ స్పందన రావాలి" అన్న కోరిక ముక్కు విషయంలో అంత అమాయకమైనది కాదు.

ఆయన కొన్న నాచు స్ప్రే సంగతి ఇంకా విచిత్రం. క్యారజీనన్ అనే ఆ జిగురు ముక్కులో పొరలా పరుచుకుని వైరస్‌లను పట్టేస్తుంది, అది అమ్మేదే అందుకు. టీకాలో ఉన్నది మరి ఏమిటి? వైరసే కదా! నారు పోయబోయే మడిలో ముందురోజే కలుపు మందు కొట్టినట్టవుతుంది. ఈ రెంటినీ కలిపి ఎవరో పరీక్షించారని కాదు, పని చేసే తీరును బట్టి చెబుతున్నాను. టీకాకు కొన్ని రోజుల ముందు నుంచీ, తర్వాత ఒకటి రెండు వారాలూ దాన్ని బీరువాలో పెట్టేయండి. జింక్ గమ్మీలు టీకా స్పందనను పెంచవు. ఆ డబ్బా వెనక ఏమేం కలిపారో కూడా ఒకసారి చదవండి, చాలా గమ్మీలను జెలటిన్‌తో చేస్తారు.

యాంటీబాడీ పరీక్షకు డబ్బు తగలెయ్యొద్దు. ముక్కు టీకా బాగా పట్టిన పిల్లల్లో కూడా రక్తంలో యాంటీబాడీ పెద్దగా పెరగకపోవచ్చు, పని జరిగేది ముక్కు గోడలో కాబట్టి. తక్కువ అంకె వస్తే మీరు ఊరికే బెంగపడతారు. ఎక్కువ వచ్చినా భరోసా ఇవ్వలేం.

అత్తగారి మాటకొద్దాం. ఆవిడ వేయించుకున్నది హైదరాబాద్ భారత్ బయోటెక్ వాళ్ల ఇన్‌కోవాక్. 2022 సెప్టెంబరులో అనుమతి వచ్చి, 2023 జనవరి 26న విడుదలైంది. ముక్కులో చెరి నాలుగు చుక్కలు. దాని తీరు వేరు. చింపాంజీ అడినోవైరస్ అనే వాహనం మీద కరోనా జన్యువును ఎక్కించి పంపుతారు, ఆ వైరస్ మన ఒంట్లో పెరగదు. పైగా అది కరోనా కోసం. ఆవిడకు పట్టిన జలుబు ఏ వైరస్ వల్లనైనా వచ్చి ఉండొచ్చు. ఒకదాని అనుభవంతో ఇంకోదాన్ని కొలవలేం. ఈ మాట మీరు చెబితే కోడలు నోరు చేసుకున్నట్టు అవుతుందేమో. మీ వారితో చెప్పించండి, లేదా ఈ పేజీ ఆవిడ చేతికివ్వండి.

పసుపు పాలు పాలుగా మంచివే, రాత్రి వాడు తాగుతానంటే ఇవ్వండి. టీకాకు దాంతో ఏ సంబంధమూ లేదు. అణు తైలం మాత్రం వద్దంటాను. టీకా అంటుకోవాల్సిన గోడ మీద నూనె పూత ఎందుకు? అదొక్కటే కాదు, చిన్నపిల్లల ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెచ్చిన సందర్భాలు మన దక్షిణాదిలోనే నమోదయ్యాయి. పిల్లికూతల పిల్లాడికి ఆ ప్రయోగం అసలే కూడదు. ఆవిరి గిన్నె కూడా వద్దు, పిల్లలు దాన్ని మీద ఒలకబోసుకుని కాలిన గాయాలతో వస్తుంటారు.

మరి మీ చేతుల్లో ఉన్నదేమిటంటారా? చిన్నవే గానీ అసలైనవి. ఆ రోజు ముక్కు బాగా దిబ్బడేసి ఉంటే ఆ టీకా వద్దనండి, మందు గోడను చేరదు. మామూలుగా ముక్కు కారుతుంటే ఫర్లేదు. ఫ్లూకి ఇచ్చే ఒసెల్టమివిర్ లాంటి యాంటీవైరల్ మందు వాడుతుంటే, అది ఆపి 48 గంటలు దాటాక గానీ టీకా వేయించకూడదు. టీకా వేశాక రెండు వారాల్లోపు ఆ మందు వాడితే టీకా వైరస్ పెరగక ముందే చచ్చిపోవచ్చు. అలా వాడాల్సి వస్తే నర్సుకు చెప్పండి. ఫారంలో బ్రౌన్ ఇన్‌హేలర్ సంగతి తప్పక రాయండి. మామూలు మోతాదులో పీల్చే స్టెరాయిడ్ టీకాకు అడ్డు కాదు. టీకా రోజుకు ముందు 72 గంటల్లో పిల్లికూతలు వచ్చినా, నీలం ఇన్‌హేలర్ (ఆయాసం వచ్చినప్పుడు పీల్చేది) మామూలు కంటే ఎక్కువ వాడాల్సి వచ్చినా మాత్రం ముక్కు టీకా వేయరు. అది రాయడం మర్చిపోతే మీరు చేసే మిగతా జాగ్రత్తలన్నీ దండగ.

మీ ఆడపడుచు చెప్పింది కూడా నిజమే, వాళ్ల దేశానికి. అమెరికాలో తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు అంతకుముందు మొత్తం రెండు డోసులు పడకపోతే, ఆ సీజన్లో కనీసం నాలుగు వారాల తేడాతో రెండు వేస్తారు. బ్రిటన్‌లో ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు ఒక్కటే. ఉబ్బసం లాంటి జబ్బున్న తొమ్మిదేళ్ల లోపు పిల్లలకు, అంతకుముందు ఎప్పుడూ ఫ్లూ టీకా పడకపోతేనే రెండోది. మీ వాడికి పోయిన ఏడాది ఇన్‌హేలర్ లేదు, ఒకటి వేశారు. ఇప్పుడు ఇన్‌హేలర్ వచ్చింది, కానీ ముందు డోసు పడి ఉంది. రెండోది అవసరమా అని జీపీ (ఫ్యామిలీ డాక్టరు) క్లినిక్‌లో నర్సును అడగండి. బలం చేర్చడం గురించి మీ ఇంట్లో జరిగిన చర్చ మొత్తంలో అడగదగ్గ ప్రశ్న ఇదొక్కటే.

ఇక జెలటిన్. టీకా వైరస్ చెడిపోకుండా నిలబెట్టడానికి బాగా శుద్ధి చేసిన పంది జెలటిన్ కలుపుతారు, నిజమే. దాన్ని ఒప్పుకోని కుటుంబాలకు జెలటిన్ లేని సూది టీకా ఉచితంగానే ఇస్తారు. అంటే, మీరు భయపడుతున్నట్టు 'జెలటిన్ లేదా ఏ టీకా లేదు' అన్న పరిస్థితి కాదు. అత్తగారికి చెప్పేటప్పుడు ముందు ఈ మాట, తర్వాత ఆ మాట చెప్పండి. అయితే ఆవిడ కంటే ముందు మీ వారికి తెలియాలి. సంతకం ఇద్దరి బిడ్డ కోసం. ఆయనకు తెలియకుండా మీరొక్కరే మోస్తే, రేపు ఆ కాగితం ఆయన చేతికి దొరికినప్పుడు గొడవ టీకా గురించి కాకుండా మీ గురించి అవుతుంది. అత్తగారికి చెప్పాలా వద్దా అన్నది మీరిద్దరూ కలిసి తేల్చుకోండి. ఆవిడ వేసుకునే మందు గొట్టాల (క్యాప్సూళ్ల) తొడుగులు కూడా చాలావరకు జంతు జెలటిన్‌వే. ఆ మాటతో ఆవిడ నోరు మూయించాలని మాత్రం చూడకండి. వాదన గెలుస్తారు, ఆవిడ మందులు మానేస్తారు.

ముక్కు టీకా ఎంచుకుంటే: నొప్పి లేదు, బళ్లోనే అయిపోతుంది, రక్షణ ముక్కు దగ్గరే మొదలవుతుంది. 2007లో అచ్చయిన ఒక పెద్ద ట్రయల్‌లో, అయిదేళ్ల లోపు పిల్లల్లో సూది వేయించుకున్నవాళ్ల కంటే ముక్కు టీకా వేయించుకున్నవాళ్లలో ఫ్లూ కేసులు 55 శాతం తక్కువ. తర్వాతి ఏళ్లలో ఆ తేడా అంత నిలకడగా కనిపించలేదు, అమెరికా అనుభవం చెప్పాను కదా. మీరు జెలటిన్‌తో రాజీ పడాలి, ఆ రోజుకు వాడి ఛాతీ, ముక్కు బాగుండాలి. వేశాక రెండు మూడు రోజులు ముక్కు కారడం, కొంచెం తలనొప్పి మామూలే. అత్తగారికి షుగర్ ఉందని రాశారు, వాడి పక్కన ఆవిడ ఉండడానికి ఏ భయమూ లేదు. ఎముక మజ్జ మార్పిడి చేయించుకుని విడి గదిలో ఉండేంత బలహీనమైన రోగులు ఇంట్లో ఉంటేనే ఒకటి రెండు వారాలు దూరం పాటించమంటారు.

సూది ఎంచుకుంటే: పిల్లికూతలున్నా, ముక్కు మూసుకున్నా వేయొచ్చు. జెలటిన్ చిక్కు లేదు, ఇంట్లో దాచే పనీ లేదు. వాడు ఏడుస్తాడు, చెయ్యి ఒకరోజు నొప్పెడుతుంది. ముక్కు దగ్గరి రక్షణ కాస్త తగ్గొచ్చు, ఒంట్లో ముదరకుండా చూసే రక్షణ ఉంటుంది. ఇది రెండో రకం ఎంపిక అనుకుని కుమిలిపోవాల్సిన పనేం లేదు.

ఇంట్లో మాట తెగలేదని ఏదీ వేయించకపోవడం మాత్రం, వాడి పోయిన జనవరిని చూశాక, నాకు ఇష్టం లేదు. ఛాతీ బాగున్న రోజున ముక్కు టీకాకే నేను కొంచెం మొగ్గుతాను. కానీ జెలటిన్ విషయంలో మనసు ఒప్పుకోవాల్సింది మీ ఇద్దరికీ, నాకు కాదు.

శుక్రవారం లోపు తేలకపోతే ఫారం ఖాళీగా ఉంచేయకండి. జెలటిన్ లేనిది కావాలని రాసి పంపండి. బడికి నర్సులు వచ్చే రోజున వాడికి ఒంట్లో బాగోలేకపోయినా అవకాశం పోయినట్టు కాదు. తప్పిపోయిన పిల్లల కోసం తర్వాత విడిగా క్లినిక్‌లు పెడతారు, ఇన్‌హేలర్ వాడే పిల్లాడు కాబట్టి జీపీ దగ్గర కూడా వేయించుకోవచ్చు. టీకా పట్టడానికి రెండు వారాలు పడుతుంది కనుక డిసెంబరు దాకా సాగదీయకండి.